అతుకు పక్కన

ఇరవై నాలుగో రాత్రి.
కౌంటరు మీద మూడు వేల నాలుగు వందల పన్నెండు.
సీసపు అద్దం అవతల
ఢమరుకం నడుం లాంటి చిన్న ఉక్కు ముక్క,
నడుం మధ్యలో ఒక అతుకు,
చుట్టూ అయిదు వందల యాభై డిగ్రీల కొలిమి.

యంత్రం లాగుతుంది.
లాగి వెంటనే వదిలేస్తే ఓర్చుకునేదే,
వదలదు.
పది నిమిషాలు అలాగే పట్టి ఉంచుతుంది.
ఆ పట్టి ఉంచడమే దాన్ని తింటోంది.
బరువు ఏమంత బరువు కాదు,
మొదటి రోజు చూసి నేనే నవ్వుకున్నాను.

దీని తోడబుట్టినదొకటి ఉంది,
అదే పలక నుంచి కోసింది,
అదే చేతి అతుకు.
రియాక్టరు మొహం చూడలేదు కనక
ఎనిమిది వేలు దాటే దాకా నిలబడింది.
ఇది మాత్రం రెండేళ్ళు ఆ గుండం పక్కన కూర్చుని
సీసపు పెట్టెలో మా అచ్యుతాపురం రోడ్డుకొచ్చింది,
పైకి ఒక్క గీత లేకుండా.

అతుకు వేసింది దాలినాయుడు.
షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు,
స్టాంపు నంబరు నలభై ఒకటి.
ప్రతి శనివారం గేటు దగ్గర మోపెడ్ ఆపి
కేజీహెచ్ వార్డు బయట అడిగినట్టు అడుగుతాడు:
"ఉందేటమ్మా? తెగిపోనాదేటి?"
"ఉంది" అంటాను.
తల ఊపి వెళ్ళిపోతాడు.
లోపలికి రానివ్వరు ఆయన్ని.
నన్ను రానిస్తారు,
జేబు మీద బ్యాడ్జితో.
మూడు నెలలకోసారి దాన్ని పట్టుకెళ్ళి
నా లెక్క చదువుతారు.

తెగినప్పుడు చప్పుడు కాలేదు.
నిద్రలో మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు
గ్రాఫు ఒరిగింది, అంతే.
టైము రాసుకున్నాను. రెండూ పదకొండు.
టీ చల్లారిపోయింది.

తెల్లారాక మైక్రోస్కోపు కింద
అల వెనక్కెళ్ళాక అప్పికొండ ఇసకలో మిగిలే గీతలు,
ఒకదాని వెనక ఒకటి.
ఒక్కో లాగుడికి ఒక్కో గీత.
మొదట్లో ఎంత దగ్గర దగ్గరగా, భయంభయంగా,
తర్వాత అంగలు పెద్దవై
చివర్న చిరిగిన గోనెపట్టా.

ఇంకా లోపలికి వెళ్ళాను.
ఉక్కుకీ గింజలుంటాయి,
గింజకీ గింజకీ మధ్య గట్లుంటాయి.
ఆ గట్ల నిండా హీలియం బుడగలు,
వరిమడి గట్టుకి ఎండ్రకాయలు పెట్టిన బొరియల్లా.
పైన పచ్చగా ఉందనుకుంటాం,
నీళ్ళు ఎప్పుడో కిందినుంచి పోతుంటాయి.

రిపోర్టులో ఒక గడి: తెగిన చోటు.
మా సారు ఫోనులో
"వెల్డు పోయింది కదా, రాసెయ్" అన్నాడు.
పోలేదు.
అతుకు అతుకులాగే ఉంది, చేప పొలుసుల వరస చెదరకుండా.
తెగింది రెండు మిల్లీమీటర్ల అవతల,
కరగనూ కరగక, చల్లగానూ ఉండక
పక్కన నిలబడి సెగ తిన్న చోట.
అదే రాశాను.
రాసి రెండుసార్లు చదువుకున్నాను.

శనివారం ఆయన అడగక ముందే చెప్పాను:
"మీది తెగలేదు నాయుడుగారూ. పక్కన తెగింది."
సంతోషిస్తాడనుకున్నాను.
హెల్మెట్ తీసి సీటు మీద పెట్టి
చాలాసేపు గేటు వైపు చూశాడు.
"పక్కన తగిలింది కూడా నా సెగే గదమ్మా.
నాను తగల్నిచ్చిందే గదా."

ముక్కలు ఓసారి చూపిస్తావా అన్నాడు.
కుదరదు.
ఆయన మనవడు ముసలాడయ్యాక కూడా
వాటిని చేత్తో పట్టుకోవడానికి లేదు.
ఫోనులో ఫొటో తియ్యడానికీ లేదు.

మల్కాపురం నుంచి ఆయనతో పాటు వచ్చిన
పోర్టు బొగ్గు ధూళి సీటు నిండా ఉంది.
హెల్మెట్ పక్కకి జరిపి
వేలితో గీసి చూపించాను.
ఇదిగో అతుకు. ఇదిగో పక్కన.
ఇలా మొదలై, ఇలా, ఇలా.
వంగి చూశాడు, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని.
"సన్నంగా మొదలైనాది" అన్నాడు,
ఎవరి పనినో మెచ్చుకుంటున్నట్టు.

తర్వాత ఆ గీతల మీదే కూర్చుని
మోపెడ్ స్టార్ట్ చేశాడు.